సీసం కొరికిన కోడళ్ళు

1934వ సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. ఏలూరులో కాలవ గట్టుకు దగ్గరగా ఉండే ఒక మిషన్ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి ఆరేళ్ళయింది. ముప్ఫై మంచాల ఆసుపత్రి, ఆడవాళ్ళకూ పసిపిల్లలకూ మాత్రమే. డాక్టరు ఒక్కరే, దొరసాని. నర్సులం నలుగురం. అందులో మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే ట్రైనింగు, పాసైన దాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేదాన్ని. మా నాన్న అత్తిలి దగ్గర మిషన్ బడిలో పంతులు. తప్పు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించడం ఆయన అలవాటు, ఆ అలవాటు కొంత నాకూ వచ్చింది. ఇప్పుడు చెప్పబోయే కేసులో బెంచీ ఎక్కవలసింది నేనే కాబట్టి ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

మా వృత్తిలో మొదటి పని హిస్టరీ తీసుకోవడం. రోగి పేరు, వయసు, ఎన్నో కాన్పు, లోగడ ఏమైంది, ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అని అడిగి కేస్ షీటు మీద రాసుకోవడమన్న మాట. పట్నం వాళ్ళ దగ్గర ఇది అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కొల్లేటి లంకల నుంచి వచ్చేవాళ్ళ దగ్గర అరపూట పడుతుంది. వాళ్ళు తాటి దోనెల మీద సరస్సు దాటి, ఆ పైన బండి కట్టించుకుని వచ్చేసరికే అలిసిపోయి ఉంటారు. పైగా వాళ్ళకు వయసు ఏళ్ళలో తెలియదు, వరదల్లో తెలుసు. "పెద్ద వరదకి పాకుతూ ఉందండి" అంటారు. అది ఏ వరదో మనమే తేల్చుకోవాలి.

అలా వచ్చింది బుల్లెమ్మ. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయేమో. చేపలు పట్టుకుని బతికే ఇంటి కోడలు. అయిదో నెల. చామనఛాయ మనిషే గాని ముఖంలో నెత్తురు లేక బూడిద రంగు తిరిగింది. వెంట అత్తగారు అచ్చమ్మ, మొగుడు సూరయ్య. సూరయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. అచ్చమ్మ మాత్రం లోపలికొచ్చి, నేను కూర్చోమనక ముందే నేల మీద చతికిలబడింది.

"ఎన్నో కాన్పమ్మా?" అని నేను బుల్లెమ్మను అడిగితే జవాబు అచ్చమ్మ చెప్పింది.

"నాలుగోదండి అమ్మగారూ. ముందువి మూడూ పోయాయండి. ఒకటి మూడో నెల్లో జారిపోయింది. ఇంకోటి ఆరో నెల్లో. మూడోది నిండు నెల్లోనే పుట్టిందండి గాని, ఏడవలేదు."

"మీకెంతమంది మామ్మా?"

"తొమ్మిదిసార్లు నీళ్ళోసుకున్నానండి. దక్కింది వీడొక్కడే." గడ్డంతో గుమ్మం వైపు చూపించింది. "మా ఇంటి ఆడాళ్ళ రాత అండి ఇది. మా అత్తక్కూడా ఇద్దరే నిలిచారంట."

ఆ మాట విని నేను కేస్ షీటు మీద 'కుటుంబ దోషం' అని రాశాను. నా బుర్ర అక్కడే చెడింది. అత్తకూ కోడలికీ రక్తసంబంధం లేదు. అచ్చమ్మకూ ఆవిడ అత్తకూ లేదు. వేరు వేరు ఇళ్ళలో పుట్టి ఒకే ఇంటికి కోడళ్ళై వచ్చిన ముగ్గురికి ఒకే కష్టం వచ్చిందంటే అది వాళ్ళ పుట్టుకలో ఉన్నది కాదు, ఆ ఇంట్లో ఉన్నది. రెండో తరగతి పిల్లకైనా తట్టవలసిన సంగతి. సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్న నాకు తట్టలేదు.

కడుపులు వరసగా పోతుంటే ట్రైనింగులో మాకు నేర్పిన మొదటి అనుమానం సిఫిలిస్, అంటే మగవాడు బయటి నుంచి తెచ్చే చెడుజబ్బు. అందుకని సూరయ్యను వరండా చివరికి పిలిచి, అడగవలసిన ప్రశ్నలన్నీ ఒక్కటీ వదలకుండా అడిగాను. పాపం, అతనికి ముచ్చెమటలు పోశాయి.

"లేదండి అమ్మగారూ. నేను కైకలూరు సంతకి తప్ప ఎక్కడికీ వెళ్ళనండి. అదైనా మా అమ్మతోనే వెళ్తానండి" అన్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దాస్తున్నాడనుకున్నాను. డాక్టరమ్మగారు మొగుడూ పెళ్ళాలిద్దరి నెత్తురూ తీసి పరీక్షకు మద్రాసు పంపించారు. ఈలోగా బుల్లెమ్మను పరీక్ష చేశాను. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందంది. విరేచనం నాలుగు రోజులకొకసారి. నోరు ఎప్పుడూ ఏదో తియ్యగా ఉంటుందంది. పెదవి ఎత్తి చూస్తే పళ్ళ మొదట్లో చిగురు అంచున సన్నగా ఒక నల్లని గీత. బొగ్గుపొడితో పళ్ళు తోముకునే నోట్లో నలుపు ఉండక ఏముంటుంది అనుకుని పెదవి వదిలేశాను. ఐరన్ టానిక్కు ఇచ్చాను, నెత్తురు పడుతుందని.

ఇంటికి పంపేటప్పుడు అచ్చమ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "బరువులు ఎత్తనివ్వకండి. నీళ్ళలో దింపకండి. దోనె తొయ్యనివ్వకండి. కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే చేసుకోనివ్వండి, అంతే."

అచ్చమ్మ ముఖం వికసించింది. "అదేనండి మేం చేసేది! మాలో కడుపుతో ఉన్న మనిషిని దోనె ఎక్కనివ్వం, చేపల గంప ఎత్తనివ్వం. నీడపట్టున కూర్చోబెట్టి వల పని చేయిస్తామండి. మా అత్త నన్నూ అలాగే కూర్చోబెట్టింది, చల్లని తల్లి."

"మంచి ఆచారం మామ్మా" అని మెచ్చుకున్నాను. వల పని అంటే దారంతో వల అల్లడమే అనుకున్నాను. ఏం పనమ్మా, ఎలా చేస్తారు అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

రెండు నెలల తరవాత సూరయ్య ఒక్కడే వచ్చాడు. మద్రాసు నుంచి కాగితం వచ్చి చాలా రోజులైంది. "మీ ఇద్దరి నెత్తుట్లోనూ ఏ దోషమూ లేదయ్యా" అని చెప్పాను. తలవంచుకుని విన్నాడు.

"మంచిదండి. పిల్లాడు పోయిన శనివారం పోయాడండి. ఏడో నెల్లో" అన్నాడు. "నా తప్పు లేదంటే మరి ఎవరిదండి?" అని అడిగాడు.

అతను నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. కాని అతను ఆ కాగితం పట్టుకుని లంకకు వెళ్ళాక వాళ్ళకు తోచే జవాబు ఏమిటో నాకు తెలుసు. మగవాడిలో దోషం లేదని ఆసుపత్రి తేల్చింది, కాబట్టి దోషం ఆడదానిలో ఉంది. మేము సదుద్దేశంతో చేసిన పరీక్ష బుల్లెమ్మ నెత్తి మీద పడింది.

రెండేళ్ళు గడిచాయి. 1936 ఏప్రిల్‌లో బుల్లెమ్మ మళ్ళీ వచ్చింది, ఆరో నెలతో. ఈసారి డాక్టరమ్మగారు కాన్పు అయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచెయ్యమన్నారు. బెడ్ రెస్ట్, అంటే మంచం దిగకుండా విశ్రాంతి. ఆ మాట చెప్పి ఆవిడ, ఏటా దొరలందరూ వెళ్ళినట్టే, వేసవికి కొండల మీదికి వెళ్ళిపోయారు. ఊళ్ళో డాక్టరు ఒకాయన వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోయేవారు. మిగతా రోజుల్లో ఆసుపత్రి పెత్తనం నాదే. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదని చెప్పాలి.

అచ్చమ్మ లంకకు వెళ్ళిన ఒక మధ్యాహ్నం, నేను దుప్పటి మారుస్తుంటే బుల్లెమ్మ తనంతట తాను మాట్లాడింది. మామూలుగా అడిగిన దానికే జవాబు చెప్పని పిల్ల.

"ఈసారి దక్కకపోతే మా ఆయనకి మళ్ళీ చేస్తారండి. మా అత్త తమ్ముడి కూతుర్ని, కైకలూరు కాడ. మాటిచ్చేశారండి. ఈ కాన్పు చూసి ముహూర్తం పెట్టుకుంటారంట."

"మీ అత్త నిన్ను బాగానే చూస్తుంది కదే?"

"బాగానే చూస్తుందండి. ఏడ్చుకుంటూనే మాటిచ్చింది. వంశం నిలబడాలి కదండీ."

"మరి నిన్నేం చేస్తారు?"

"ఏం చేస్తారండి, ఉంచుకుంటారు. వల పనికి మనిషి కావాలి కదా. ఆ అమ్మాయికి పిల్లలు పుడితే ఎత్తుకుంటూ ఉంటాను." అని నవ్వబోయింది గాని రాలేదు.

ఎలాగైనా ఈ పిల్ల చేతిలో బిడ్డను పెట్టి పంపాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. పాలు ఎక్కువ పోయించాను. గుడ్లు పెట్టించాను. మంచం దగ్గర ప్రార్థన కూడా చేశాను. ఆమె మతం వేరైనా కాదనలేదు.

నాలుగు రోజుల తరవాత అచ్చమ్మ తిరిగి వచ్చింది, చంకలో పెద్ద మూటతో. "ఊరికే పడుకుంటే దానికి పిచ్చెక్కుతుందండి అమ్మగారూ. వల పని తెచ్చాను, కూర్చుని చేసుకుంటుంది. మీరే కదండీ లోగడ చెయ్యమన్నారు" అంది. మంచం మీద వల పరిస్తే దుప్పట్లు మురికవుతాయని, వెనక వరండాలో చాప వేయించాను. అక్కడ గాలీ బాగా ఆడుతుంది. వల పని అంటే ఏమిటో అప్పుడు నా కళ్ళతో నేనే చూశాను.

విసిరే వల అంచుకు చుట్టూ ఒక తాడు ఉంటుంది. ఆ తాడుకు బెత్తెడు బెత్తెడు దూరంలో సీసం గుండ్లు తగిలిస్తారు. ఆ బరువుకే వల నీళ్ళలో మునిగి చేపల మీద కప్పుకుంటుంది. తేయాకు పెట్టెల లోపల వేసే సీసపు రేకును సూరయ్య కైకలూరు సంతలో కొంటాడు. ఇంట్లో అన్నం వండే పొయ్యి మీదనే దాన్ని కరిగించి, మట్టిలో గీసిన సన్నని గాడుల్లో పోస్తారు. చల్లారాక ముక్కలు కోసి, సాగ్గొట్టి, ఒక్కొక్క ముక్కను తాడు చుట్టూ మడుస్తారు. మడిచాక దాన్ని బిగించాలి. బుల్లెమ్మ ఒక ముక్క తాడుకు చుట్టి, నోట్లో పెట్టుకుని, పక్క పళ్ళతో కొరికి బిగించింది. తీసి చూసుకుని ఇంకోటి చుట్టింది. చేతులు ఖాళీ లేనప్పుడు నాలుగైదు ముక్కలు బుగ్గన పెట్టుకుంది, మనం వక్కలు పెట్టుకున్నట్టు.

"సుత్తితో కొట్టకూడదా?" అని అడిగాను.

అచ్చమ్మ నా అజ్ఞానానికి జాలిపడింది. "సుత్తి దెబ్బకి తాడు నలుగుతుందండి. నెల తిరక్కుండా తెగుతుంది. పళ్ళకైతే తెలుస్తుందండి ఎంత బిగించాలో. నా వయసులో నేను కొరికిన గుండు వల చిరిగినా ఊడేది కాదు."

నేను నిలబడి కాసేపు ముచ్చటగా చూశాను. పనితనం అంటే నాకు గౌరవం. ఆ పని నెలన్నర పాటు నా వరండాలో, నేను వేయించిన చాప మీద, నా కళ్ళ ముందు నడిచింది.

మే నెలాఖరున డాక్టరమ్మగారు తిరిగి వచ్చారు. మొదటి రోజు రౌండ్స్‌లో, అంటే మంచం మంచానికీ తిరిగి చూసేటప్పుడు, బుల్లెమ్మ మంచం ఖాళీగా ఉండడం చూసి వెనక వరండాలోకి వచ్చి ఆగిపోయారు. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు.

"సిస్టర్, ఆమె నోటిలో ఏమున్నది?"

"సీసమండి. వల గుండ్లు" అన్నాను, వివరించడానికి ఉత్సాహపడుతూ.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, బుల్లెమ్మ నోట్లోని ముక్కలన్నీ తన అరచేతిలోకి ఉమ్మించారు. కింది పెదవిని వేలితో కిందికి లాగారు. చిగురు అంచున ఆ గీత. రెండేళ్ళ కిందటి కన్నా చిక్కగా, నీలం కలిసిన నలుపు.

"ఇది మీరు చూడలేదా?"

"చూశానండి. బొగ్గుపొడి అనుకున్నాను."

"మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఉన్నదా?"

"ఉందండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. తన గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టి చెప్పారు. సీసం నోటి ద్వారా, పొగ ద్వారా ఒంట్లోకి పోయి నెత్తుటిని చెడగొడుతుందట. ఎముకల్లో చేరి కూర్చుంటుందట. కడుపుతో ఉన్న మనిషి నెత్తుటి నుంచి బిడ్డకూ చేరి, బిడ్డను నిలవనివ్వదట. మగవాళ్ళ వీర్యాన్ని కూడా చెరుపుతుందట. వాళ్ళ దేశంలో కుండలకు సీసపు మెరుగు పూసే కార్ఖానాల్లో పనిచేసిన ఆడవాళ్ళు ఇలాగే బిడ్డల్ని పోగొట్టుకునేవాళ్ళట.

"అక్కడ కొందరు స్త్రీలు బిడ్డ వద్దనుకున్నప్పుడు కావలెనని సీసము మింగుతారు, సిస్టర్" అన్నారు. "వీరు బిడ్డ కావలెనని కూర్చుండి అదే కొరుకుచున్నారు."

బరువులెత్తి, దోనె తోసి, నీళ్ళలో దిగి ఉంటే ఆ పిల్లకు ఇంత నష్టం జరిగేది కాదు. అత్త ప్రేమకొద్దీ కూర్చోబెట్టింది. నేను చదువుకొద్దీ కూర్చోబెట్టాను. వరండాలో చాప తీసేశాను, వల మూట కట్టి గదిలో పడేశాను. పాలు, గుడ్లు రెట్టింపు చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

జూన్‌లో తొలకరి పడుతుండగా, ఎనిమిదో నెలలో బుల్లెమ్మకు నొప్పులొచ్చాయి. మగపిల్లవాడు. ప్రీమెచ్యూర్, అంటే నెలలు నిండని బిడ్డ. రెండు చేతులు కలిపి పడితే అందులో సరిపోయాడు. కాని ఏడ్చాడు. సన్నగా, పిల్లికూన గొంతుతో ఏడ్చాడు. దూదిలో చుట్టి, వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టి, చుక్క చుక్కగా పాలు పోశాను. నాలుగు రోజులు డ్యూటీ దిగకుండా వాడి దగ్గరే ఉన్నాను. నాలుగో రోజు పొద్దున ఫిట్స్ వచ్చి పోయాడు.

బుల్లెమ్మ గట్టిగా ఏడవలేదు. వాడిని గుడ్డలో చుట్టి ఇస్తే తీసుకుని, "ఏడ్చాడు కదండీ?" అని నన్ను అడిగింది.

"ఏడ్చాడమ్మా."

"నా పిల్లల్లో ఏడ్చినవాడు వీడొక్కడేనండి" అంది.

ఇక మిగిలింది అచ్చమ్మకు చెప్పడం. డాక్టరమ్మగారు ఆ పని నాకే వదిలారు, మీ భాషలో మీరే చెప్పాలని. నేను ఒక రోజంతా వెనకాడాను. చెప్పకపోతే సూరయ్యకు రెండో పెళ్ళి జరుగుతుంది, ఆ కొత్త పిల్లనూ కడుపు పండగానే చాప మీద కూర్చోబెడతారు. చెబితే ఈ ముసలామె తన చేత్తో ఏం చేసిందో ఆమెకే తెలిసిపోతుంది. చివరికి మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పాను.

అచ్చమ్మ నాతో కాకుండా తనలో తానే అన్నట్టు మొదలుపెట్టింది.

"పెద్దది కడుపులో ఉన్నప్పుడు రోజుకో వల పూర్తి చేశానండి. నా అంత బిగువుగా ఎవరూ కొరకలేరని మా అత్త నలుగురిలో చెప్పుకునేది. రెండోవాడప్పుడు కూడా అంతే. ఆ తరవాత..." వేళ్ళు మడుస్తూ ఎనిమిది దాకా వెళ్ళి ఆగింది. "మా సూరయ్య కడుపులో పడ్డప్పుడు మా నాన్న పోయాడని పుట్టింటికెళ్ళి ఆర్నెల్లు ఉండిపోయానండి. మా నాన్నే కడుపున పుట్టాడు, అందుకే దక్కాడు అనుకున్నాం."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కొంతసేపటికి తేరుకుని, "కొరక్కపోతే వలకి బరువు నిలవదు కదండీ. బరువు లేకపోతే మునగదు. మరి మేమేం తినాలి?" అని అడిగింది.

"అదంతా నాకు తెలియదు మామ్మా. పిల్లల్ని కనవలసిన ఆడవాళ్ళు మాత్రం దాన్ని ముట్టకూడదు. కరిగించే చోట కూడా ఉండకూడదు. అంతే" అన్నాను. నా వంతు పని నేను చేశాననుకున్నాను.

అచ్చమ్మ ఆ వారమే కైకలూరు వెళ్ళి తమ్ముడికిచ్చిన మాట వెనక్కి తీసుకుందని తరవాత తెలిసింది. "దోషం నా కోడల్ది కాదు, నాది" అని నలుగురిలో చెప్పిందట. ఆ అక్కాతమ్ముళ్ళ ఇళ్ళ మధ్య రాకపోకలు అంతటితో ఆగాయట కూడా.

1938 చివర బుల్లెమ్మ మా ఆసుపత్రికి మూడోసారి వచ్చింది. ఆమెను నేను గుర్తుపట్టలేదు. ఒంట్లో నెత్తురు పట్టి బుగ్గలు నిండాయి. పెదవి ఎత్తి చూశాను, గీత మాయమైంది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. అది పెట్టిన కేకకు పక్క వార్డులో వాళ్ళు కూడా లేచి వచ్చారు. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. సూరయ్య తలపాగాతో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు, వద్దనడానికి నాకు మనసు రాలేదు.

"మీ అత్త ఏదే, రాలేదు?" అని అడిగితే బుల్లెమ్మ కళ్ళు దించుకుంది. "ఒంట్లో బాగోలేదండి" అని మాత్రం అంది.

నెల తిరిగాక పసిబిడ్డలకు అమ్మవారి టీకాలు వెయ్యడానికి లంకలకు వెళ్ళే పని పడింది. ఆ వంకన వాళ్ళింటికి వెళ్ళాను. దోనె దిగగానే సీసం కరిగిన వాసన తగిలింది. గుడిసె వెనక చిన్న పాక కొత్తగా వేశారు. అందులో అచ్చమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ వలలు, ఒక ఇంటివి కావు, ఆరేడు ఇళ్ళవి.

"రండి అమ్మగారూ, మనవరాలిని చూశారా?" అంది సంబరంగా. మనిషి ఎండిపోయి ఉంది. ముందుపళ్ళు కదులుతున్నాయి. చెయ్యెత్తి నాకు దండం పెట్టబోతే రెండు చేతులూ మణికట్టు దగ్గర వాలిపోయి వేలాడాయి. మా భాషలో దాన్ని రిస్ట్ డ్రాప్ అంటారు. సీసం నరాలకెక్కితే చేతులు అలా పడిపోతాయి. పుస్తకంలో బొమ్మ చూశాను గాని మనిషిలో చూడడం అదే మొదలు.

"ఇదేమిటి మామ్మా? మానెయ్యమన్నాను కదా!"

"మీరు పిల్లల్ని కనేవాళ్ళు ముట్టకూడదన్నారండి. నాకింక కనేదేముంది?" అంది. "లంకలో పడుచు పిల్లల్నెవర్నీ కొరకనివ్వడం లేదండి. అందరి వలలూ నేనే పట్టుకొచ్చేసుకున్నాను. మా పక్కింట్లో కూడా ఈ ఏడు బిడ్డ నిలిచిందండి."

చేతులు పనిచెయ్యకపోతే తాడు ఎలా చుడుతుందని అడిగాను. మోకాళ్ళ మధ్య తాడు నొక్కిపెట్టి, ముక్కను పెదవులతో అందుకుని, నోటితోనే మడిచి కొరికి చూపించింది. తరవాత బుల్లెమ్మ అత్తను పాక బయటికి పిలిచి, పాపను తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, పడిపోకుండా తన చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కనే కూర్చుంది. అచ్చమ్మ వంగి మోచేతులతో పాపను దగ్గరికి జరుపుకుంది.

నన్ను దోనె దాకా సాగనంపుతూ సూరయ్య మొలలోంచి ఒక పనిముట్టు తీసి చూపించాడు. చిన్న ఇనుప పటకారు. మూతి దగ్గర ఆకురాయితో గుండ్రంగా అరగదీసి ఉంది.

"కైకలూరులో కమ్మరి చేత మొన్న చేయించానండి. మూతి మొద్దుగా ఉంటే తాడు నలగడం లేదు. పళ్ళంత బాగానే బిగుస్తుందండి. లంకలో అందరికీ ఒక్కోటి చేయించాలి" అన్నాడు. తరవాత చాలా మెల్లగా, "ఇది రెండేళ్ళ కిందే ఎవరికైనా తట్టుంటే బాగుండేదండి" అన్నాడు.

ఆ 'ఎవరికైనా'లో నేనున్నానని అతను అనుకోలేదు. నేను అనుకున్నాను. రోజూ కాన్పు బల్ల దగ్గర నా చేతుల్లో ఉండేవి అవే కదా, రకరకాల ఫోర్సెప్స్, అంటే పట్టుకునే పటకార్లు. నెత్తుటి నాళాన్ని తెగకుండా ఎంత నొక్కాలో అంతే నొక్కి పట్టడం నా ట్రైనింగు. మరి మేమేం తినాలని ఆ మనిషి మెట్ల మీద అడిగినప్పుడు నా జేబులోనే అలాంటిది ఒకటి ఉంది.

అచ్చమ్మను బలవంతాన ఏలూరు తీసుకొచ్చాం. డాక్టరమ్మగారు చెయ్యగలిగిందంతా చేశారు. ఫిట్స్ మొదలయ్యాక ఇక లాభం లేదన్నారు. 1939 వానలకు ముందే పోయింది.

ఆ తరవాత నేను తాడేపల్లిగూడెంలోనూ మరికొన్ని చోట్లా పనిచేశాను. ఎక్కడ పనిచేసినా నా కింద ఉన్న నర్సుల చేత హిస్టరీలో రెండు ప్రశ్నలు అదనంగా అడిగించేదాన్ని. మీరు రోజూ చేసే పని ఏమిటి, ఏదీ ఒకసారి చేసి చూపించండి అని. పని పేరు చెబితే చాలదు, చేసి చూపించాలి. ఇది మానుకోండి అనవలసి వచ్చినప్పుడు, దానికి బదులు ఏం చేసుకోవాలో కూడా రోగితో కూర్చుని తేల్చాకే మంచం దగ్గర నుంచి లేవాలని చెప్పేదాన్ని. నేను సగం చెప్పి లేచిపోయాను. మిగతా సగం చదువులేని ఒక ముసలామె తనకు తోచినట్టు తన ఒంటి మీద వేసుకుని పూర్తి చేసింది. తొమ్మిదిసార్లు కడుపు పండి, కోడలి పిల్లలు అయిదుగురిని మట్టిలో పెట్టి, చివరికి బతికి బట్టకట్టిన ఆ మనవరాలిని అచ్చమ్మ ఒక్కసారైనా తన చేతులతో ఎత్తుకోలేదు.